లెక్కల డిగ్రీతో సైన్స్ పీహెచ్‌డీకి వెళ్లొచ్చా?

"బీఎస్సీ మాథ్స్ చదివాను. పెళ్లయ్యాక హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద అమెరికా వచ్చాను. బయాలజీలోనో, వాతావరణ శాస్త్రంలోనో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఆ సబ్జెక్టు చదవనిదాన్ని, నాకు సీటిస్తారా?" అని ఈ మధ్య ఒకమ్మాయి అడిగింది. ఇదే సందేహం ఏడాదికి ముగ్గురు నలుగురికి వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇస్తారు. ఇక్కడ చాలా డిపార్ట్‌మెంట్లలో డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు, ఎంఎస్ ఉండి తీరాలని లేదు. మొత్తం అయిదారేళ్లు పడుతుంది. మొదటి ఏడాది, రెండో ఏడాది ఎక్కువగా క్లాసులే కాబట్టి రాని సబ్జెక్టు నేర్చుకోవడానికి టైమ్ ఉంటుంది. వాతావరణం, సముద్రాలు, భూకంపాల మీద పనిచేసేవాళ్లు లెక్కలవాళ్లంటే ఎదురొచ్చి తీసుకుంటారు. గాలి కదలికైనా, నీటి కదలికైనా చివరికి డిఫరెన్షియల్ ఈక్వేషన్లే కదా! వాళ్లు అడిగేది కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, వాటితో పాటు ఒక ఏడాది ఫిజిక్స్. బయాలజీలో అయితే కంప్యుటేషనల్ బయాలజీ, న్యూరోసైన్స్, ఎపిడెమియాలజీ (రోగాలు ఎలా వ్యాపిస్తాయో చదివే శాస్త్రం) మనకి దగ్గర. పరీక్షనాళికలతో చేసే ఆర్గానిక్ కెమిస్ట్రీ లాంటివాటికి మాత్రం ఉత్త లెక్కల డిగ్రీతో వెళ్లడం కష్టం. ఆశ పెట్టడం నాకిష్టం లేదు.

అసలు చిక్కు సీట్ల దగ్గర కాదు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గర, అంటే ఈ చదువు ఎందుకు కావాలో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసం దగ్గర. నా సంగతే చెబుతాను. వాతావరణ శాస్త్రంలో పీహెచ్‌డీకి మొదటి ఏడాది ఆరు చోట్ల అప్లై చేస్తే ఆరూ వద్దన్నాయి. రెండు పేజీల నిండా రియల్ అనాలిసిస్‌లో నాకొచ్చిన మార్కులు, గణితం గొప్పతనం రాసుకున్నాను. తెలిసిన ప్రొఫెసర్ ఒకాయన అది చదివి, "నీకు లెక్కలొచ్చని ట్రాన్స్‌క్రిప్టే చెబుతోంది. వానల గురించి తెలుసుకోవాలని ఉన్నట్టు మాత్రం ఇందులో ఎక్కడా లేదే!" అన్నారు. రెండు రోజులు మనసు మనసులో లేదు. ఆ తర్వాత దగ్గర్లోని కాలేజీలో మెటియరాలజీ కోర్సు ఒకటి తీసుకున్నాను. వాతావరణాన్ని, సముద్రాలను గమనించే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఉచితంగా ఇచ్చే వానల డేటా దించుకుని పైథాన్‌లో కుస్తీ పట్టాను. నా అంచనా ఏ నెలలో తప్పిందో, ఎందుకు తప్పిందనుకుంటున్నానో రెండో ఏడాది స్టేట్‌మెంట్‌లో రాశాను. రెండు చోట్ల పిలిచారు. మార్కులు అవే, మనిషినీ నేనే.

లెక్కల నుంచి సైన్సులోకి వెళ్లినవాళ్లు కొత్తేమీ కాదు. 1951లో లెక్కల్లో పీహెచ్‌డీ పూర్తిచేసిన జాన్ పోపుల్‌కి 1998లో నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలో. మన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివారు. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లింది సూడాన్‌లో తవ్వి తీసిన పాతకాలపు ఎముకల కొలతలను విశ్లేషించడానికి! ఆ ఎముకల పని మధ్యే 1948లో పీహెచ్‌డీ వచ్చింది.

సిఫార్సు ఉత్తరాలు మూడు అడుగుతారు. "క్లాసులో ఫస్టు వచ్చింది, మంచి పిల్ల" అనే ఉత్తరం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మీరు ఎక్కడ ఆగిపోయారో, ఎలా బయటపడ్డారో చూసినవాళ్లు రాయాలి. చదువు ఆగి నాలుగేళ్లయినవాళ్లకి ఇక్కడ తీసుకునే ఒక్క కోర్సు అందుకే పనికొస్తుంది. హెచ్-4 మీద చదువుకోవచ్చు, అడ్డేమీ లేదు. జీతం లేదు కదా అని ఎవరి ల్యాబ్‌లోనైనా పనికి దిగేముందు మాత్రం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒక మాట అడగండి.

ప్రొఫెసర్లకు ఈమెయిల్ రాయాలా అంటే, చేరే చోటును బట్టి. వాతావరణ శాస్త్రం లాంటి చోట్ల చాలావరకు గైడే మిమ్మల్ని ఎంచుకుంటారు కాబట్టి సెప్టెంబరులోనే రాయాలి. ఆయన పేపరు ఒకటి చదివి, అర్థం కాని చోటు గురించి నాలుగు వాక్యాలు రాస్తే చాలు. బయాలజీలో సాధారణంగా కమిటీ తీసుకుంటుంది. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిరిగాక గైడును ఎంచుకుంటారు. గడువులు ఎక్కువగా డిసెంబరు మొదటి పక్షంలో ముగుస్తాయి. సీటొస్తే ఏప్రిల్ 15లోగా జవాబివ్వాలి. జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్షని చాలా డిపార్ట్‌మెంట్లు ఎత్తేశాయి. అందులోని బయాలజీ సబ్జెక్టు పరీక్ష 2021లో, కెమిస్ట్రీది 2023లో ఆగిపోయాయి. ఎవరైనా ఆ పుస్తకాలు ఇస్తానంటే వద్దనండి.

డబ్బు విషయంలో మనవాళ్లు పొరబడేది ఒకటుంది. సైన్స్ పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి, టీచింగో రీసెర్చో చేయించుకుని నెలనెలా స్టైపెండ్ ఇవ్వడం ఇక్కడ మామూలే. కానీ వర్క్ పర్మిట్ లేని హెచ్-4 మీద ఆ స్టైపెండ్ తీసుకోవడం కుదరదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. ఇక్కడే ఉండి ఆ మార్పు కోసం ఐ-539 ఫారం పెట్టుకోవచ్చు, నెలలు పట్టొచ్చు కాబట్టి ఆఫర్ రాగానే మొదలుపెట్టండి. ఎఫ్-1 మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఇంకోటి, ప్రభుత్వ సంస్థలైన ఎన్ఎస్ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, బయాలజీలోని ఎన్ఐహెచ్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్) ట్రైనింగ్ గ్రాంట్లు సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. కొన్ని బయాలజీ ప్రోగ్రాముల్లో మనకి సీట్లు తక్కువగా ఉండేది అందుకే. అప్లికేషన్ ఫీజు కట్టేముందే ఈమెయిల్‌లో అడగండి. మూడేళ్ల డిగ్రీ ఒప్పుకుంటారో లేదో కూడా అందులోనే కనుక్కోండి. కొన్ని చోట్ల పదహారేళ్ల చదువు ఉండాలంటారు.

ఆ అమ్మాయిని "బయాలజీయా, వాతావరణమా?" అని అడిగితే "ఏదైనా ఫర్వాలేదండీ" అంది. ముందు అది తేల్చుకోమన్నాను. రెండు వారాలకు మళ్లీ ఫోన్ చేసింది. వానలు పడ్డాక ఎన్నాళ్లకి డెంగీ కేసులు పెరుగుతాయో చదువుతోందట, ఇది ఏ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తుందని అడిగింది. ఎపిడెమియాలజీ వాళ్ల పేజీలు తెరవమన్నాను.