పక్కవాళ్ళ చేతిలో ఏముందో ఎలా తెలుస్తుంది?

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవి నాన్నకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ‘రమ్మీ ఆడేటప్పుడు ఎదుటివాళ్ళ దగ్గర ఏ ముక్కలున్నాయో నీకెలా తెలుస్తోంది పెద్దమ్మా’ అని అడిగావు కదా. ఫోన్లో అయ్యే పని కాదని ఉత్తరం రాస్తున్నాను. దగ్గర పేక ఉంటే ముక్కలు పరుచుకుని మరీ చదువు.

మొదటి మాట, మొహాలు చూడటం మానెయ్. పోకర్ వీడియోలు చూసి, ఎవరు గుటక వేశారు, ఎవరి చెయ్యి వణికింది అని నువ్వు వెతుకుతున్నావు. ఏ ముక్కకి బదులైనా పెట్టుకోగల జోకర్లు మీ బాబాయి చేతిలో మూడున్నా మొహం వేలాడేసుకునే కూర్చుంటాడు, ఆయన్ని చూసి ఏం తెలుసుకుంటావు? రమ్మీలో అందరి ఎదుటా చేసి తీరాల్సిన పనులు ఉన్నాయి. ముందువాళ్ళు వేసిన ముక్క ఎత్తుకోవాలి లేదా దాన్ని వదిలేసి కట్టలోంచి ఒకటి తీసుకోవాలి, తర్వాత తన ముక్క ఒకటి కింద వెయ్యాలి. నేను చదివేదంతా అక్కడే.

ఇది నా ఒక్కదాని మాట కాదు. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో, 1968 తీర్పు అని అందరూ చెప్పుకునేదాంట్లో, సుప్రీంకోర్టు కూడా ఇదే అంది. రమ్మీలో పడే ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, అందుకే ఇది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని.

ఎదుటివాళ్ళ ముక్కలు చదవాలంటే ముందు నీ ముక్కల మీంచి కళ్ళు తీయాలి. నువ్వు ఆట మొదలైన దగ్గర్నుంచి సర్దుతూనే ఉంటావు. పంచగానే ఒకసారి సర్దుకో, ఏది కావాలో మనసులో అనుకో, ఇక తల ఎత్తు. నీ వంతు రాగానే అప్పుడు చేతిలోకి చూసుకుంటే చాలు. సగం మందికి పడ్డ ముక్కలు గుర్తుండకపోవడానికి కారణం జ్ఞాపకశక్తి తక్కువై కాదు, ఆ ముక్క పడ్డప్పుడు వాళ్ళు చూడనే లేదు.

అందర్నీ ఒకేసారి చదవాలనుకోకు, తల వేడెక్కుతుంది. నువ్వు వేసిన ముక్క ఎత్తుకోగలిగేది నీ తర్వాత కూర్చున్న మనిషి ఒక్కరే. మొదట్లో ఆ ఒక్కరినే చదువు. అది అలవాటయ్యాక నీకన్నా ముందు వంతు ఉన్నవాళ్ళని కూడా చూడొచ్చు, ఎందుకంటే నీకు ముక్క రావాల్సింది వాళ్ళ దగ్గర్నుంచే.

ఇప్పుడు ముక్కలు తియ్యి. నీ తర్వాత మీ పిన్ని కూర్చుంది, నువ్వు వేసిన ఇస్పేటు 9 ఎత్తుకుంది అనుకో. చేతిలో పదమూడు ముక్కల్నీ ఒకే రంగులో వరస అంకెలుగానో (సీక్వెన్సు), వేరే వేరే రంగుల ఒకే అంకెగానో (సెట్టు) చేర్చాలి కదా, రంగంటే ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమండ్. మరి 9 ఎందుకు ఎత్తుకుంటుంది? ఇస్పేటు 7, 8 ఉండాలి. లేదా 8, 10 ఉండాలి. లేదా 10, జాకీ ఉండాలి. లేదా వేరే రంగుల 9లు రెండు ఉండాలి. ముందే ఉన్న సీక్వెన్సుకి నాలుగో ముక్కగా తగిలించుకోవడం కూడా జరుగుతుంది గానీ, అది కాస్త అరుదు. ఈ క్షణంలో ఏది నిజమో నీకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. అన్నీ మనసులో ఉంచుకో. ఇస్పేటులో 6 నుంచి రాణి దాకా, మిగతా రంగుల 9లు, ఇవన్నీ ప్రస్తుతానికి ఆవిడకి వెయ్యకూడని ముక్కలు.

రెండు వంతులయ్యాక పిన్ని ఇస్పేటు జాకీ పడేసింది. చూశావా, 10, జాకీ కథ దాదాపు పోయింది. 8, 9, 10 ఉన్నా జాకీని తగిలించుకునేదే గానీ వదిలేది కాదు, మూడేసి చేరిస్తే పదమూడో ముక్క మిగిలిపోతుంది కదా. అంటే ఇక 7, 8, 9 ఉండాలి, లేదా 9ల సెట్టు. ఇప్పుడు నీకు భయం ఇస్పేటు 6, 10, ఇంకా చేరని రంగు 9, ఇవే. రాణి హాయిగా వెయ్యొచ్చు. ఆ తర్వాత ఆవిడే ఆఠీను 9 పడేస్తే, సెట్టు కథ కూడా చాలావరకు పోయినట్టే. ‘దాదాపు’, ‘చాలావరకు’ అని ఎందుకంటున్నానంటే మనది రెండు కట్టల ఆట, ప్రతి ముక్కా రెండేసి ఉంటాయి. ఆవిడ దగ్గర రెండు జాకీలు ఉండి ఒకటి పడేసి ఉండొచ్చు. అందుకే నీ చేతిలో ఉన్నవి, కింద పడ్డవి కలిపి చూడు. ఇస్పేటు 8లు రెండూ నీకు కనబడ్డాయా, అయితే జోకరు పెడితే తప్ప 7, 8, 9 అసలు కుదరదు. అప్పుడు లెక్క మళ్ళీ మార్చు. ఒకసారి అనుకున్నదాన్నే పట్టుకు వేలాడేవాళ్ళు చదవలేరు నాన్నా. ఏ ముక్క పడినా, ‘నేననుకున్నది ఇంకా నిలబడుతుందా’ అని నిన్ను నువ్వు అడుగు.

ఎత్తుకోకుండా వదిలేసిన ముక్క గురించి ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం దానిమీదే ఎక్కువ నమ్మకం. నువ్వు డైమండ్ 6 వేశావు, పిన్ని ముట్టుకోలేదు. అంటే ఆ క్షణంలో ఆవిడ దగ్గర డైమండ్ 4, 5 జత లేదు, 5, 7 లేదు, 7, 8 లేదు, 6ల జత కూడా ఉండే అవకాశం తక్కువ. రెండో డైమండ్ 6 నీ దగ్గరుంటే తర్వాతి వంతులో వెయ్యడానికి దానికి మించిన ముక్క ఉండదు.

కట్టలోంచి తీసిన ముక్క ఎక్కడికి వెళ్తుందో కూడా చూడు. తీసిందే తిరిగి పడేస్తే ఆ చెయ్యి కదల్లేదు. తీసింది లోపల పెట్టుకుని వేరేది వేస్తే ఏదో కుదిరింది, లేదా జోకరు వచ్చింది. ఇలా వరసగా రెండుసార్లు జరిగితే నేను పెద్ద ముక్కలు దింపడం మొదలుపెడతాను. ఆసు, రాజు, రాణి, జాకీ ఒక్కొక్కటీ పది పాయింట్లు, షో పడ్డాక, అంటే ఎవరో ఒకరు ముక్కలన్నీ కుదిరి ఆట ముగించాక, చేతిలో మిగిలితే ఏడుపే.

ఒక లెక్క చెబుతాను, గుర్తుంచుకో. రెండు కట్టలు, రెండు బొమ్మ జోకర్లు, మొత్తం 106 ముక్కలు. ఆరుగురం కూర్చుంటే 78 పంచేస్తాం. ఏ అంకె జోకరో తేల్చడానికి తీసే కట్ జోకరు ఒకటి, ఆట మొదలుపెట్టడానికి తిప్పి వేసే ఓపెన్ ముక్క ఒకటి పోను కట్టలో మిగిలేది 26. కట్టలో ఉన్నదానికి సరిగ్గా మూడు రెట్లు చేతుల్లో ఉంది. కాబట్టి నీకు కావాల్సిన ముక్క నాలుగు వంతులు తిరిగినా రాలేదంటే అది ఎవరి దగ్గరో ఇరుక్కుని ఉండే అవకాశమే ఎక్కువ. దాని కోసం కూర్చోకు.

ఆట బాగా తెలిసినవాళ్ళు ఎర వేస్తారు, ఇది నిన్ను చాలాసార్లు ముంచింది. వాళ్ళకి కావాల్సింది ఆఠీను 9. చేతిలో ఉన్న కళావరు 9 కావాలని పడేస్తారు. ‘ఓహో, 9లు అక్కర్లేదన్నమాట’ అని నువ్వు సంతోషంగా ఆఠీను 9 వేస్తావు. మొదటి రెండు వంతుల్లో పడ్డ ముక్క సాధారణంగా నిజంగా పనికిరానిదే. ఆట మధ్యలో, అదీ కట్టలోంచి తీసింది లోపల దాచి, చేతిలోంచి ఏరి వేసిన ముక్కైతే దాని చుట్టుపక్కల ముక్కలు ఒక వంతు ఆపి చూడు.

స్కోరు కాగితం కూడా చదవాలి. మనం ఆడే 101 ఆటలో 101 పాయింట్లకి చేరినవాళ్ళు అవుటు. ఫస్ట్ డ్రాప్ 20, అంటే మొదటి వంతులోనే ఆ ఆట వదిలేస్తే 20 పాయింట్లు పడతాయి. మీ మావయ్య 81కి చేరాడంటే ఇక డ్రాప్ అవ్వలేడు, అయితే అవుటే. చెత్త ముక్కలొచ్చినా ఆడి తీరాలి. ఆయన ఆడుతున్నాడు కదా బలంగా ఉన్నాడేమో అని భయపడి నువ్వు డ్రాప్ చేస్తే అనవసరంగా 20 నెత్తిన వేసుకున్నట్టు. అదే 30లో ఉన్న మనిషి ఆలోచించకుండా ఆటలోకి దిగాడంటే లెక్క వేరు, జోకరు లేని ప్యూర్ సీక్వెన్స్ ఉందో, జోకర్లు ఉన్నాయో, ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

సాధన సంగతి. ఒక రంగు ముక్కలు పదమూడూ తీసుకుని కలుపు. చూడకుండా ఒకటి పక్కన పెట్టు. మిగతావి చకచకా తిప్పి, పక్కన పెట్టింది ఏదో చెప్పు. తేలికైపోయాక రెండు రంగులతో చెయ్యి. రోజూ పది నిమిషాలు చాలు.

దానికన్నా మంచిది ఇంకోటుంది. షో పడగానే అందరూ ముక్కలు పరిచి ఎవరి కౌంటు వాళ్ళు లెక్కపెట్టుకునే హడావుడిలో ఉంటారు. అప్పుడు నువ్వు నీ కౌంటు చూసుకునే ముందు పక్కవాళ్ళ ముక్కలు చూడు. నువ్వు 7, 8, 9 అనుకున్నచోట నిజంగా ఏముంది? తప్పితే ఏ ముక్క పడ్డప్పుడు తప్పిందో వెనక్కి గుర్తు తెచ్చుకో. ముక్కలు మళ్ళీ కలిపేశారంటే ఆ పాఠం పోయినట్టే. నాకు తెలిసిందంతా ఇలాగే వచ్చింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. కాస్త చదవడం వచ్చింది కదా అని ఫోన్లో డబ్బులు పెట్టి ఆడొద్దు. 2020లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ పందేల్ని నిషేధించింది, 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపుతూ చట్టం తెచ్చింది. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. మనింటి ఆటలో ఓడితే రాత్రికి బజ్జీలు తెప్పించాలి, అంతవరకే ఉండనీ.

సంక్రాంతికి విజయవాడ నుంచి వచ్చేటప్పుడు రెండు కొత్త కట్టలు పట్టుకురా, ప్లాస్టిక్‌వి. ఇక్కడి వాటికి మూలలు మడతపడి కొన్ని ముక్కలు వెనకవైపు నుంచే తెలిసిపోతున్నాయి. ఈసారి నా తర్వాత కూర్చో, ఒక్కో ఆట అయ్యాక నా చేతిలో ఏముందనుకున్నావో చెప్పు, నేను ముక్కలు పరిచి చూపిస్తాను.

మీ పెద్దమ్మ