పాపతో పది నెలలు కౌలాలంపూర్‌లో: ఏది ముందు కుదుర్చుకోవాలి?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తాను. మావారు విదేశీ ఖాతాదారులకు సొంతంగా డిజైన్ పనులు చేసి ఇస్తుంటారు. పాప బడిలో చేరేలోపు కొంతకాలం మరొక దేశంలో ఉండి రావాలన్న కోరికతో, జూన్ నుంచి మార్చి వరకు కౌలాలంపూర్‌లో ఉండేందుకు దూరం నుంచి ఆన్‌లైన్‌లో పనిచేసుకునే విదేశీయులకు మలేషియావారు ఇచ్చే డీఈ రంతావ్ పాస్‌కు దరఖాస్తు చేయాలనుకుంటున్నాము. మా సంస్థ ఒప్పుకున్నది కానీ, పనివేళలు మాత్రం బెంగళూరు లెక్కన ఉదయం 9.30 నుంచి సాయంత్రం 6.30 వరకే ఉండాలన్నది. జూన్ నాటికి పాపకు 22 నెలలు నిండుతాయి. ఇక్కడ పగలంతా ఒక ఆయమ్మ చూసుకుంటుంది, పాపకు ఆమె దగ్గర బాగా చనువు. ఆమె అక్కడికి రాదు కనుక పాప ఎలా కుదురుకుంటుందోనని దిగులుగా ఉన్నది. ఇల్లు, డే కేర్, పని, వీటిలో ఏది ముందు చూసుకోవాలి? నెల్లూరులో ఉన్న మా అత్తగారు తోడు వస్తానంటున్నారు. ఆమెను ఎప్పుడు రమ్మనాలి?
ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ ఇద్దరిలో ఎవరు ఏ గంటలో పాపతో ఉంటారన్నది అన్నిటికన్నా ముందు కాగితం మీద రాసుకోండి. అది తేలిన తరువాత డే కేర్, దానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఇల్లు వెతుక్కోవాలి. చాలామంది మంచి ఇల్లు చూసి అడ్వాన్సు కట్టిన తరువాత పిల్లల సంగతి ఆలోచిస్తారు. అలా చేసినవారు రోజూ రెండు పూటలా పసిబిడ్డను ఎత్తుకుని టాక్సీల కోసం ఎదురుచూడవలసి వస్తుంది.

కౌలాలంపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కనుక మీ పని అక్కడ మధ్యాహ్నం 12 గంటలకు మొదలై రాత్రి 9 గంటలకు ముగుస్తుంది. ఉదయం అంతా పాపతో గడపవచ్చునన్నది ఇందులోని మేలు. చిక్కంతా సాయంత్రంతోనే వస్తుంది. డే కేర్‌లు సాధారణంగా సాయంత్రానికే మూసివేస్తారు. పాప ఇంటికి వచ్చి, అలసిపోయి, అమ్మ కోసం పేచీ పెట్టే వేళకు మీరు ఇంకా సమావేశాలలోనే ఉంటారు. అందుచేత బయలుదేరక ముందే మీ పై అధికారిని కలిసి, పనివేళను మన లెక్కన ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు జరపమని అడగండి. అప్పుడు అక్కడ 10.30 నుంచి 7.30 వరకు అవుతుంది. పాపకు అన్నం పెట్టి పడుకోబెట్టే పని మీ చేతిలోనే ఉంటుంది. పని గంటలు తగ్గించమని కాదు, జరపమని మాత్రమే అడుగుతున్నారు కనుక ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకోకపోతే సాయంత్రం నుంచి రాత్రి వరకు పాప బాధ్యత పూర్తిగా మీవారిదే కావాలి. సొంత పని చేసుకునేవారికి వేళలు మార్చుకునే వీలు ఉంటుంది. ఆ గంటలలో తాను కూడా లాప్‌టాప్ ముందు కూర్చోబోనని ఆయన ఇప్పుడే ఒప్పుకోవాలి, అక్కడికి వెళ్లాక చూద్దామనుకుంటే కుదరదు.

నిద్ర గురించి మీరు అడగలేదు కానీ, మొదటి పది రోజులు మిమ్మల్ని ఎక్కువగా అలయించేది అదే. గడియారం రెండున్నర గంటలు జరిగినా సూర్యుడి లెక్కన బెంగళూరుకూ కౌలాలంపూర్‌కూ తేడా గంటన్నరకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. అక్కడ ఏడు దాటాక తెల్లవారుతుంది, ఏడు దాటాకే చీకటి పడుతుంది. ఇక్కడ రాత్రి 9 గంటలకు పడుకునే పాపను అక్కడ కూడా 9 గంటలకే పడుకోబెట్టాలని పంతం పట్టకండి. అక్కడి 10 గంటలే పాప ఒంటికి ఇక్కడి 9 వంటిది. మీ పని ఎలాగూ ఆలస్యంగా మొదలవుతుంది కనుక ఉదయం 8 గంటల వరకు నిద్రపోనివ్వండి. లేవగానే పాపను ఎండ పొడ తగిలేలా బయటికి తీసుకువెళితే ఒళ్లు త్వరగా సర్దుకుంటుంది. నగరం నడిబొడ్డున ఉన్న కేఎల్‌సీసీ పార్కులో పిల్లల ఆటస్థలం, వారు దిగి ఆడుకోగలిగినంత లోతులేని నీటి కొలను ఉన్నాయి. తొమ్మిది, పది గంటల తరువాత ఎండ, ఉక్క భరించడం కష్టం కనుక ఆలోపే ఇల్లు చేరుకోండి.

నాలుగేళ్లలోపు పిల్లల సంరక్షణ కేంద్రాన్ని అక్కడ టాస్కా అంటారు. నాలుగు నుంచి ఆరేళ్లవారి బడి టాడికా. టాస్కాలు 1984 నాటి శిశు సంరక్షణ కేంద్రాల చట్టం కింద సాంఘిక సంక్షేమ శాఖలో నమోదు కావాలి. ఆ నమోదు పత్రాన్ని చూపమని అడగడానికి మొహమాటపడకండి. ఏడాది నుంచి మూడేళ్ల వయసు పిల్లలు ఐదుగురికి ఒక సంరక్షకురాలు ఉండాలన్నది అక్కడి నియమం. మీరు వెళ్లి చూసిన సమయంలో గదిలో ఎందరు పిల్లలు, ఎందరు పెద్దలు ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి. ఉదయం బదులు మధ్యాహ్నం నుంచి తీసుకుంటారా, జ్వరం వస్తే ఎన్ని రోజులు రానివ్వరు అన్నవి కూడా అడగండి.

ఆయమ్మ సంగతికి వద్దాం. పాప ఆమె కోసం వెతుకుతుంది, ఏడుస్తుంది; అందులో భయపడవలసినది ఏమీ లేదు. వెళ్లిన తరువాత వారం వారం వీడియో కాల్‌లో ఆమెను చూపించండి. మొదటి రెండు వారాలైనా మీ ఇద్దరిలో ఒకరు పూర్తి సెలవులో ఉండాలి. పాపను కొత్త చోటికి అలవాటు చేసే రోజులలోనే కొత్త ఇంట్లో పని కూడా మొదలుపెడితే రెండూ చెడతాయి. మొదటి వారం అరగంట, గంట చొప్పున మీరు పక్కన ఉండగానే టాస్కాలో కూర్చోబెట్టి, తరువాత క్రమంగా పెంచండి. ఇక్కడ తినే రాగి జావ, పెరుగన్నం, కప్పుకునే దుప్పటి, పడుకునే ముందు పాడే పాట అక్కడ కూడా అవే ఉండనివ్వండి. కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో ఉన్న భారతీయ దుకాణాలలో మన సరుకులు దొరుకుతాయి. టాస్కాలో మలయ్, ఇంగ్లీషు వినపడితే పాపకు తెలుగు ఆలస్యమవుతుందేమోనన్న అనుమానం పెట్టుకోకండి, పలు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు. మలేషియాలో బ్రిటిష్‌వారి తోటలలో పనికి వెళ్లిన కాలం నుంచి తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు ఉన్నారు. 1955లో ఆంధ్ర సంఘంగా మొదలైన మలేషియా తెలుగు సంఘం ఇప్పటికీ పనిచేస్తున్నది. పండుగ వేళ పాపకు తెలుగు మాటలు వినిపించే మనుషులు అక్కడ కరవు కారు.

ఇల్లు చూసేటప్పుడు ఒక విషయంలో గట్టిగా ఉండండి. కిటికీలకు గ్రిల్స్ ఉండడం మనకు ఎంత అలవాటంటే అవి లేని ఇల్లు మన ఊహకు కూడా రాదు; అక్కడి ఎత్తైన కాండోలలో, అంటే బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లలో, చాలా చోట్ల బాల్కనీలకు, కిటికీలకు గ్రిల్స్ ఉండవు. కుర్చీలు ఎక్కే వయసు బిడ్డ ఉన్న ఇంటికి అది ప్రాణాపాయం. గ్రిల్స్ ఉన్న ఇల్లు గానీ, అవి పెట్టించేందుకు యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్న ఇల్లు గానీ దొరికేవరకు ఇంకేదీ ఖాయం చేయకండి. ఈతకొలను పక్కనే ఉన్న కింది అంతస్తు ఇళ్ల విషయంలో కూడా ఇంతే జాగ్రత్త అవసరం. అడ్వాన్సు మాత్రం బెంగళూరులో అడిగినంత ఉండదు. రెండు నెలల అద్దె, కరెంటు నీళ్ల కోసం అర నెల అద్దె జమగా, వాటితో పాటు మొదటి నెల అద్దె కట్టడం అక్కడి వాడుక. ఒప్పందాలు సాధారణంగా ఏడాదికి రాస్తారు కనుక పది నెలలకే ఖాళీ చేసే షరతును ముందే రాయించుకోండి. దిగిన మొదటి రెండు, మూడు వారాలు స్వల్పకాలానికి అద్దెకిచ్చే సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఇళ్లను కళ్లారా చూసి తీసుకోవడం మేలు.

డే కేర్‌కు కొత్తగా వెళ్లే పిల్లలు తరచుగా జబ్బుపడతారు. మలేషియాలో ఐదేళ్లలోపు పిల్లలలో చేతులు, కాళ్లు, నోటిలో పొక్కులు వచ్చే వైరస్ జబ్బు సాధారణం. దానికి ప్రత్యేకమైన మందు లేదు, వారం పది రోజులలో తగ్గుతుంది. అన్ని రోజులూ పాప ఇంట్లోనే ఉండాలి. అందుకని మీ సెలవులన్నీ మొదటి నెలలోనే వాడివేయకండి. మన టీకాల పట్టికలో 16 నుంచి 24 నెలల మధ్య వేసే తట్టు, రుబెల్లా రెండో డోసు, డీపీటీ, పోలియో బూస్టర్లు బయలుదేరక ముందే వేయించి, టీకాల కార్డును మీ పిల్లల వైద్యుని చేత టైపు చేయించి సంతకంతో తీసుకువెళ్లండి. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా విదేశంలో వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. వర్తించకపోతే ముగ్గురికీ పది నెలలకు సరిపడే పాలసీ తీసుకోవాలి.

కాగితాల పని గురించి క్లుప్తంగా చెబుతాను. డీఈ రంతావ్ పాస్ 3 నుంచి 12 నెలలకు ఇస్తారు. సాంకేతిక రంగంవారికి ఏడాదికి 24,000 అమెరికన్ డాలర్లకు మించిన ఆదాయం ఉండాలి. రుసుము మీకు 1000 రింగిట్లు, మీపై ఆధారపడినవారు ఒక్కొక్కరికి 500 రింగిట్లు. మీవారు కూడా సంపాదిస్తున్నారు కనుక, ఆయన మీ ఆధారితుడిగా ఉంటూ పనిచేయవచ్చునా, వేరుగా దరఖాస్తు చేయాలా అన్నది ఈ పాస్ వ్యవహారం చూసే మలేషియా డిజిటల్ ఎకానమీ కార్పొరేషన్‌ను ముందే అడిగి జవాబు దాచుకోండి. పన్ను సంగతి తేలికగా తీసుకోకండి. జీతం బెంగళూరు ఖాతాలో పడినా, అక్కడ కూర్చుని చేసిన ఉద్యోగపు ఆదాయాన్ని మలేషియా చట్టం అక్కడి ఆదాయంగానే చూస్తుంది. మలేషియా పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబరు వరకు, అందులో 182 రోజులు అక్కడ ఉంటే మీరు అక్కడి పన్ను నివాసులవుతారు. మన పన్ను ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉన్నది కనుక, టికెట్లు కొనక ముందే తేదీలతో సహా చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించండి. పాపకు ఆగస్టులో రెండేళ్లు నిండుతాయి. వెళ్లేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకున్నా, తిరుగు ప్రయాణానికి సీటు కొనవలసిందే.

అత్తగారిని మొదటి నెలలో రమ్మనకండి. ఆ నెలలో మీరు సెలవులో ఉంటారు, ఇల్లు కూడా ఖాయమై ఉండదు. నాయనమ్మ ఇంట్లో ఉంటే పాప టాస్కాలో కాలు పెట్టనని మారాం చేస్తుంది, ఆమె తిరిగి వెళ్లిన రోజున మళ్లీ మొదటికి వస్తుంది. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు మలేషియాలో 30 రోజుల వీసా రహిత ప్రవేశం ఇస్తున్నారు. టికెట్ తీసుకునే ముందు ఆ సదుపాయపు గడువు చూసుకోండి. పాప టాస్కాకు అలవాటు పడి, మీ సెలవులు తరిగి, జలుబులూ జ్వరాలూ మొదలయ్యే ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఆ 30 రోజులు మీకు ఎక్కువ అక్కరకు వస్తాయి. ప్రయాణానికి ముందు మూడు రోజులలోపు ఆమె పేరున, ఆ దేశంలో అడుగుపెట్టే విదేశీయులు ఆన్‌లైన్‌లో ఇవ్వవలసిన వివరాల పత్రమైన మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు నింపండి. ఆమె వాడే మందులను డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టించండి, ఆమె వయసుకు వర్తించే ప్రయాణ బీమా కూడా తీసుకోండి.