స్టెంట్ వేశాక బి విటమిన్ బిళ్ళలు వాడితే రక్తనాళాలు బాగుపడతాయా?

మీ ప్రశ్న ఇదీ కదండీ: నాన్నగారికి స్టెంట్ వేశారు. ప్యాకేజీ టెస్టుల్లో హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం) ఎక్కువని వచ్చింది. మందుల షాపాయన ఫోలిక్ యాసిడ్, బి6, బి12 కలిసిన బిళ్ళలిచ్చి "రక్తనాళాలు శుభ్రమైపోతాయి" అన్నాడు. ఇవి వేసుకుంటే మిగతావి తగ్గించుకోవచ్చా అని.

మిగతావి ఒక్కటీ తగ్గించకండి. నేను డాక్టర్ని కాను. అమలాపురం దగ్గర మా ఊళ్ళో, మా నాన్నకి స్టెంట్ వేసిన దగ్గర్నుంచీ మందుల డబ్బా చూసుకునేది నేనే. తెలిసింది చెబుతాను.

హోమోసిస్టీన్ మీద అనుమానం పాతదే. పుట్టుకతోనే అది విపరీతంగా ఉన్న పిల్లల ధమనులు పాడైపోయి ఉండటం చూసి, పెద్దల గుండెజబ్బుకీ ఇదే కారణం కావచ్చని అమెరికాలో కిల్మర్ మెకల్లీ అనే పాథాలజిస్టు 1969లో అన్నాడు. అది పెరిగితే నాళం లోపలి పొర దెబ్బతిని, నాళం సరిగా వ్యాకోచించదని తర్వాతి పరిశోధనల్లో కనిపించింది. ఫోలిక్ యాసిడ్, బి12 కలిసి హోమోసిస్టీన్‌ని మళ్ళీ మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లంగా మార్చేస్తాయి. అందుకే బిళ్ళలు వేసుకుంటే రిపోర్టులో నంబరు దిగుతుంది. షాపాయన ధీమా అక్కడిదే.

మరి నంబరు దిగితే గుండెపోట్లు తగ్గాలిగా? తగ్గలేదండీ. గుండెపోటు వచ్చిన 3,749 మందితో నార్వేలో చేసిన నార్విట్ ప్రయోగంలో హోమోసిస్టీన్ 27 శాతం తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. 5,522 మందితో చేసిన హోప్-2లోనూ గుండె విషయంలో అదే కథ. రెండూ 2006లోనే వచ్చాయి. మీకు ఇంకా దగ్గర విషయం 2004 నాటిది: స్టెంట్ వేసిన 636 మందిలో ఈ మూడు విటమిన్లు ఇచ్చినవాళ్ళకి నాళం మళ్ళీ సన్నబడటం ఎక్కువగా కనిపించింది, 34.5 శాతం మందికి. ఇవ్వనివాళ్ళలో అది 26.5 శాతం. అవి మందు పూత లేని పాత రకం స్టెంట్లు కాబట్టి ఈ లెక్క మీ నాన్నగారికి అలాగే వర్తించదు, కంగారు పడకండి. కానీ "శుభ్రమైపోతాయి" అన్న మాట మాత్రం నమ్మొద్దు.

పక్షవాతం సంగతి వేరు. చైనాలో బీపీ ఉన్న 20 వేల మందికి పైగా చేసిన ప్రయోగంలో (2015) బీపీ బిళ్ళతో పాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తే పక్షవాతం కొంత తగ్గింది. అక్కడ పిండిలో ఫోలిక్ యాసిడ్ కలిపే అలవాటు లేదు కాబట్టి, ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్ళకి ఆ లాభం కనిపించి ఉండొచ్చు. గుండెపోట్లలో అక్కడా తేడా రాలేదు.

ఇక మా ఇంటి సంగతి. బి కాంప్లెక్స్ క్యాప్సూల్ అంటే నాన్నకి మహా గురి. వేసుకున్న పూట మూత్రం పచ్చగా వస్తుంది, "చూశావా, పనిచేస్తోంది" అంటారు. అది ఒంటికి అక్కర్లేక బయటికి పోయే బి2 రంగు. రాత్రి వేసుకోవాల్సిన స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ళ) ఏ గుర్తూ చూపించదు పాపం. అందుకని దాన్నే దిండు కింద పెట్టి మర్చిపోయేవారు. దుప్పటి దులుపుతుంటే అమ్మకి దొరికేవి.

అలాగని బి12 పనికిరానిదనుకోకండి. నాన్నకి షుగరుంది, ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, అది బి12ని తగ్గిస్తుంది. దానికి తోడు స్టెంట్ పడ్డాక ఎవరో చెప్పారని చేపలు, గుడ్లు మానేశారు. కోనసీమలో ఉంటూ పులస రోజుల్లో పప్పుచారు! అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు మొదలయ్యాక డాక్టరుగారు పరీక్ష రాస్తే బి12 బాగా తక్కువని తేలింది. బిళ్ళలు రాశారు, మంటలు తగ్గాయి. అది లోపానికి వైద్యం, గుండెకి కాదు.

మీ నాన్నగారు మెట్‌ఫార్మిన్ గానీ, గ్యాస్ బిళ్ళలు గానీ చాలాకాలంగా వాడుతున్నా, శాకాహారులైనా, ఈసారి వెళ్ళినప్పుడు బి12 పరీక్ష అడగండి. అది చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తహీనత సర్దుకుని బి12 లోపం బయటపడదు, లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి. షాపాయన ఇచ్చిన స్ట్రిప్పు కూడా తీసుకెళ్ళండి. దాని మీద బి6 ఎన్ని మిల్లీగ్రాములో డాక్టరుగారు చూడాలి, ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే అదే తిమ్మిర్లు తెస్తుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఎప్పుడు ఆపాలో కూడా ఆయన్నే అడగండి. స్టెంట్ పడ్డ మొదటి నెలల్లో అవి మానితే అందులో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.