బెల్టు ఉన్నా కొక్కెం తగిలించని కూలీలు: సమాధానం

మీరు కట్టిస్తున్న భవనంలో పద్నాలుగో అంతస్తు అంచున పనిచేసే కూలీలు పడకుండా ఆపే బెల్టు కట్టుకుంటున్నా, దాని కొక్కెం దేనికీ తగిలించడం లేదని, ఏం చేయాలని అడిగారు. వారిని కోప్పడే ముందు మీరే అక్కడ నిలబడి చూడండి. తగిలించడానికి గట్టి ఆధారం ఉందా? చాలాచోట్ల ఉండదు. పరంజా గొట్టానికి తగిలిస్తే మనిషితోపాటు అదీ ఊడి రావచ్చు. ఇంజినీరుతో లెక్క కట్టించి కొక్కెం తగిలించడానికి స్తంభాల మధ్య ఉక్కుతాడు బిగించండి. రెండు కొక్కేల తాళ్లు ఇప్పించండి. ఒకటి మార్చేటప్పుడు రెండోది పట్టి ఉంచుతుంది.

నడుము బెల్టు మాత్రం వద్దే వద్దు. పడినప్పుడు ఆ కుదుపంతా పొట్ట, వెన్ను భరించాలి. భుజాలు, ఛాతీ, తొడలను చుట్టి పట్టే పట్టీల పూర్తి హార్నెస్ కొనండి; అది ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణానికి సరిపడాలి.

పడి వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి. కాళ్లలో రక్తం నిలిచిపోతే ప్రాణానికే ముప్పు. ఎవరు, దేనితో దించుతారో ఈరోజే తేల్చుకోండి.