స్టార్‌బర్స్ట్ గెలాక్సీల్లో దాగిన సూపర్‌నోవాలకు ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపు ఒక్కటి చాలా?

స్టార్‌బర్స్ట్ గెలాక్సీల్లో కొత్త నక్షత్రాలు అంత జోరుగా పుడుతుంటే సూపర్‌నోవాలు, అంటే నక్షత్రాల పేలుళ్లు, కుప్పలుగా దొరకాలి కదా, ధూళి అడ్డమైతే ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదు. ధూళిని దాటడం ఇందులో తేలికైన పని.

ధూళి మామూలు కాంతిని 20 మాగ్నిట్యూడ్లు (ఖగోళంలో వెలుగు కొలమానం) తగ్గించిందనుకోండి, పది కోట్లలో ఒక్క వంతే మనదాకా వస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో, 2.2 మైక్రాన్ల దగ్గర అదే ధూళి కోత సుమారు 2 మాగ్నిట్యూడ్లే, అంటే ఆరేడో వంతు వెలుగు దక్కుతుంది. 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్న ఎం82 గెలాక్సీలో 2008లో పేలిన సూపర్‌నోవా మామూలు కాంతిలో ఎవరికీ కనబడలేదు. రేడియోలో బయటపడింది, అదీ మరుసటి ఏడాది.

అసలు తంటా గెలాక్సీ కేంద్రంతోనే. పరిశోధక విద్యార్థిగా నా పని పాత చిత్రాన్ని కొత్తదాంట్లోంచి తీసేయడం. మారని వెలుగు పోయి కొత్త చుక్క మిగలాలి. కానీ రెండు రాత్రుల గాలి ఒకేలా ఉండదు. ఒక చిత్రం కాస్త చెదిరినా, కళ్లు చెదిరేంత వెలిగే ఆ కేంద్రం దగ్గర నల్లటి, తెల్లటి వలయాలు మిగులుతాయి. సూపర్‌నోవాలు ఎక్కువగా దాక్కునేదీ సరిగ్గా అక్కడే! నాకు దొరికిన ‘చుక్క’ల్లో చాలావరకు ఆ బాపతే. అందుకే గాలి కదలికను ఎప్పటికప్పుడు సరిదిద్దే అడాప్టివ్ ఆప్టిక్స్ కావాలి. ఐఆర్ఏఎస్ 17138-1017 గెలాక్సీలో సుమారు 16 మాగ్నిట్యూడ్ల ధూళి మాటున ఉన్న ఎస్ఎన్ 2008సీఎస్ అనే సూపర్‌నోవాను జెమిని నార్త్ టెలిస్కోపు పట్టుకున్నది లేజర్ సాయంతో అలా సరిదిద్దుకునే.

చుక్క నిజమైనదే అని తేలినా అది సూపర్‌నోవా కాకపోవచ్చు. 2005 జనవరిలో లా పాల్మాలోని విలియం హెర్షెల్ టెలిస్కోపుతో ఆర్ప్ 299 అనే గెలాక్సీల జంటలో అలాంటి చుక్క ఒకటి కనిపించింది. మొదట సూపర్‌నోవా అనే అనుకున్నారు. ఖగోళ శాస్త్రవేత్తలు సెప్పో మట్టిలా, మిగెల్ పెరెస్ టోర్రెస్‌ల బృందం ఏళ్ల తరబడి రేడియోలో వెంటాడితే, అందులోంచి పదార్థం జెట్‌లా, సన్నని ధారగా దూసుకెళ్తోందని తేలింది. ఒక భారీ బ్లాక్ హోల్ నక్షత్రాన్ని చీల్చేసిందని 2018లో ప్రకటించారు. నన్నడిగితే ఈ వేటలో దొరికిన గొప్ప ఫలితం అదే.

ఇంట్లో కూర్చుని ప్రయత్నించాలంటే నియోవైజ్ అనే ఇన్‌ఫ్రారెడ్ అంతరిక్ష టెలిస్కోపు డేటా ఉచితం. 2013 చివరి నుంచి 2024 దాకా దాదాపు ఆరు నెలలకోసారి ఆకాశమంతా చుట్టింది. దాని చిత్రాలు మొరటు, కేంద్రాల జోలికి పోకండి. ముందు తెలిసిన సూపర్‌నోవా ఉన్న గెలాక్సీ ఒకటి తీసుకుని, మీ తీసివేతలో అది కనబడుతోందో లేదో చూసుకోండి.