వాన పడితే గరగర: ఇంట్లో కట్టిన వాల్వు గిటార్ ఆంప్‌కి కొత్త వాల్వులు కొనాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమలాపురం దగ్గర మీ ఊళ్లో 12ఏఎక్స్7, 6వి6, 5వై3 వాల్వులతో ఫెండర్ చాంప్ తరహా చిన్న ఆంప్ సొంతంగా కట్టారు. ఎండ రోజుల్లో బాగానే మోగుతోంది. ముసురు పట్టిందంటే వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడల్లా గరగర, సౌండు నలిగినట్టు వస్తోంది. వాల్యూమ్ సున్నాలో పెట్టినా హమ్ (గుంయ్‌మనే శబ్దం) పోదు. రాత్రిపూట మొత్తం డల్ అయిపోతోంది. వాల్వులు మూడూ మార్చేద్దామా అని.

వద్దండీ, డబ్బులు దండగ. భీమవరం వైపు మైక్‌సెట్ల పాత వాల్వు ఆంప్‌లు, చర్చి బ్యాండ్ల గిటార్ ఆంప్‌లు చాలాకాలంగా బాగుచేస్తున్నాను. వాతావరణాన్ని బట్టి వచ్చిపోయే జబ్బుకి వాల్వు కారణం కావడం అరుదు. లోపల గాజు బుడ్డిలో శూన్యం, దానికి వానేంటి, ఎండేంటి?

నాబ్ గరగరలాడితే వాల్యూమ్ కంట్రోల్ మార్చమని అందరూ చెబుతారు. మీకు ఎండ రోజున ఆ శబ్దం లేదు కాబట్టి ముందు డీసీని (ఒకే దిశలో పారే కరెంటుని) అనుమానించండి. మొదటి వాల్వు 12ఏఎక్స్7లో రెండు సగాలుంటాయి. మొదటి సగం ప్లేట్ (సిగ్నల్ పెద్దదై బయటికొచ్చే కొస) మీద 150 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. అక్కణ్ణుంచి 0.02 మైక్రోఫారడ్ కండెన్సర్ గుండా సిగ్నల్ మాత్రమే వాల్యూమ్ కంట్రోల్‌కి, అక్కణ్ణుంచి రెండో సగం గ్రిడ్‌కి (సిగ్నల్ లోపలికెళ్లే కొసకి) వెళ్లాలి. ఆ గ్రిడ్ దగ్గర డీసీ సున్నా ఉండాలి. అర వోల్టు ఉన్నా నాబ్ తిప్పితే గరగరమంటుంది.

ఆ డీసీ రావడానికి ముఖ్యంగా రెండు దారులు: కండెన్సర్ గుండా కరెంటు లీకవడం, లేదా బోర్డు గుండానే లీకవడం. మన ప్రాంతంలో నేను ముందు బోర్డునే పట్టుకుంటాను. మీరు హైలం షీటు కోసి, కన్నాలు పెట్టి, రివెట్లు కొట్టి బోర్డు చేశానన్నారు. హైలం లోపల ఉన్నది కాగితమో గుడ్డో. పైన నున్నగా ఉన్నా కోసిన అంచులు, కన్నాల గోడలు తేమ పీల్చుకుంటాయి. చుట్టూ కాలవలు, చెరువులు, సముద్రపు గాలి, మనకి తేమకి కరువేముంది! దానికి తోడు డబ్బాలో దొరికే సోల్డరింగ్ పేస్టు. అది రివెట్ల చుట్టూ మిగిలిపోయి, ముసురులో ఉప్పు డబ్బాలో ఉప్పులా చెమ్మగిల్లుతుంది.

మల్టీమీటరు ఓమ్స్‌లో పెడితే ఇది కనబడదు. లెక్క చూడండి. ప్లేట్ సప్లై రివెట్ మీద 200 వోల్టులు, పక్కనే గ్రిడ్ రివెట్, మధ్యలో తడిసిన హైలం 200 మెగోమ్‌లు అనుకుందాం. చాలా మీటర్లకి అది తెగిపోయిన వైరుతో సమానం. కానీ గ్రిడ్ నుంచి గ్రౌండుకి 1 మెగోమ్ వాల్యూమ్ కంట్రోల్ ఉంది కాబట్టి గ్రిడ్ మీదికి దాదాపు 1 వోల్టు ఎక్కుతుంది. ఆ వాల్వు క్యాథోడ్ మీద ఉండేదే ఒకటి, ఒకటిన్నర వోల్టు. ఇక బయాస్ (గ్రిడ్‌కీ క్యాథోడ్‌కీ మధ్య ఉండాల్సిన వోల్టేజీ తేడా) గతి తప్పి సౌండు నలగకుండా ఎలా ఉంటుంది?

పరీక్ష వాన రోజునే చేయండి, ఎండలో చేస్తే అంతా బాగానే కనిపిస్తుంది. అయితే ముందు ఒక మాట. లోపల 350 వోల్టుల దాకా ఉంటుంది, స్విచ్ తీసేశాక కూడా కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకి, 10కె (10,000 ఓమ్‌ల) 5 వాట్ల రెసిస్టర్‌కి వైర్లు కట్టి, ఇన్సులేషన్ పట్టుకుని, కండెన్సర్లను దాని గుండా షాసీకి (ఆంప్ లోహపు పెట్టెకి) డిశ్చార్జ్ చేసి, మీటరుతో సున్నా అని చూసుకోండి. మీటరు నల్ల క్లిప్పు పవర్ ఇవ్వకముందే షాసీకి తగిలించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని కొలవండి. స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలే ప్రమాదం ఉంది. లోపల ఏ మార్పు చేసినా మొదటిసారి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు మెయిన్స్ వైరుకి సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే పరవాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే.

ఇప్పుడు వాల్యూమ్ ఫుల్ పెట్టి రెండో సగం గ్రిడ్, అంటే 7వ పిన్ను మీద డీసీ చూడండి. (మొదటి సగానికి 2వ పిన్ను వాడి ఉంటారని అనుకుంటున్నాను.) వోల్టేజీ ఉంటే ఆపి, డిశ్చార్జ్ చేసి, కండెన్సర్‌కి వాల్యూమ్ వైపు ఉన్న కాలు ఊడదీయండి. అది దేనికీ తగలకుండా చూసుకుని మళ్లీ కొలవండి. గ్రిడ్ మీద డీసీ ఇంకా ఉంటే తప్పు చాలావరకు బోర్డుదే. గ్రిడ్ శుభ్రంగా ఉండి, ఊడదీసిన కాలు మీద వోల్టులు నిలకడగా కనిపిస్తే కండెన్సర్ మార్చండి. 6వి6 గ్రిడ్, 5వ పిన్ను, దగ్గర కూడా ఇదే చూడండి. అక్కడ డీసీ ఎక్కువైతే ప్లేట్ ఎర్రబడి వాల్వు నిజంగానే పోతుంది.

బోర్డుదే అయితే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టగానే వోల్టేజీ పడిపోతుంది. అది తాత్కాలికమే. పేస్టంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడిగేయండి, సెల్ రిపేరు షాపుల వాళ్లు వాడేదే. బాగా ఆరాకే వార్నిష్ వేయండి. తడి మీద వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. నన్నడిగితే గ్రిడ్‌కి వెళ్లే కనెక్షన్లను బోర్డు మీంచి పూర్తిగా తీసేసి, నేరుగా సాకెట్ పిన్నుకి, గాలిలోనే కలపండి. ఓపిక ఉంటే గ్లాస్ ఎపాక్సీ బోర్డు మీద మళ్లీ కట్టడం అన్నిటికంటే మేలు.

హమ్ సంగతి మీ చెవే చెబుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ జి స్వరం 98 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే వాల్వు, మీ 5వై3) దాటాక మిగిలే అల 100 హెర్ట్జ్. హమ్ ఆ జి స్వరానికి దగ్గరగా ఉంటే ఆ అలని చదునుచేసే ఫిల్టర్ కండెన్సర్లు చూడండి. రెండోదాని, మూడోదాని విలువ పెంచుకోవచ్చు, మొదటిదాని విలువ బాగా పెంచితే 5వై3 తట్టుకోదు. అంతకంటే ఒక స్థాయి కింద వినిపిస్తే కారణం హీటర్ (వాల్వుని లోపల వేడిచేసే తీగ) వైర్లు. వాటిని గట్టిగా మెలిపెట్టి, గ్రిడ్ వైర్లకి దూరంగా షాసీ మూలకి నొక్కండి. హీటర్ వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ (మధ్యలోంచి తీసిన వైరు) లేకపోతే చెరో వైపు నుంచి గ్రౌండుకి 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. హమ్ తగ్గుతుందని ఎవరైనా ఎర్త్ పిన్ను పీకేయమంటే మాత్రం వినకండి. మీ గిటార్ తీగలు షాసీకే కలిసి ఉంటాయి. లోపల ఏదైనా షార్టయి, మీరు మైకు ముందు పాడుతున్నారనుకోండి, షాక్ పెదాలకే.

రాత్రి డల్ అవడం ఆంప్ జబ్బు కాకపోవచ్చు. దగ్గర్లో రొయ్యల చెరువులుంటే రాత్రి ఏరేటర్లన్నీ తిరుగుతాయి, లైను మీద లోడు పెరుగుతుంది. 230 కాస్తా 190కి దిగితే 6.3 వోల్టుల హీటర్‌కి అందేది 5.2 మాత్రమే. వాల్వులకి పది శాతం అటూ ఇటూ పరవాలేదు గానీ ఇది అంతకంటే ఎక్కువ లోటు. 6వి6 సాకెట్ 2, 7 పిన్నుల మధ్య ఏసీ పగలు ఒకసారి, రాత్రి ఒకసారి కొలవండి. తేడా అంత ఉంటే స్టెబిలైజర్ కొనుక్కుంటే సరి.

7వ పిన్ను మీద ముసురులో ఎంత వచ్చిందో, కండెన్సర్ కాలు తీశాక ఎంత ఉందో, ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి. బోర్డు ఫోటో కూడా పెడితే ఏ రివెట్ ఏ రివెట్‌కి దగ్గరగా ఉందో చూసి చెబుతాను.