పన్ను ఎత్తేసింది ఎవరు?

ప్రశ్న: బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. అక్బర్ పాఠంలో ‘పరమత సహనం’ రాగానే ఒక అబ్బాయి లేచి, ‘మా ఊళ్లో పీర్ల పండుగకు అందరం పోతాం టీచర్. జనం ఎట్లాగూ కలిసే ఉంటారు, ఇందులో రాజు చేసిందేముంది?’ అన్నాడు. ఏం చెప్పమంటారు సార్?
— ఒక టీచర్, కోయిలకొండ

జవాబు: ముందు ఆ పిల్లవాడిని మెచ్చుకోండమ్మా. నల్లగొండలో చరిత్ర పాఠాలు చెప్పిన రోజుల్లో ఇంత సూటి ప్రశ్న నాకు అరుదుగా ఎదురైంది.

పీరును ఎత్తుకున్నవాడిది ఏ మతమని ఊళ్లో ఎవరూ అడగరు, నిజమే. కానీ ఇరుగుపొరుగు ఎంత మంచివాళ్లయినా మన మీద పడ్డ పన్నును ఎత్తేయలేరు. అది సర్కారు చేతిలో పని. 1563లో అక్బర్ మథుర వైపు వేటకు వెళ్లినప్పుడు, తీర్థానికి వచ్చే హిందువుల దగ్గర యాత్రా పన్ను గుంజుతున్నారని తెలిసింది. రాజ్యమంతటా రద్దు చేశాడు. మరుసటి ఏడు, ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను కూడా తీసేశాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు నిండలేదు. ఖజానాకు వచ్చే డబ్బు వదులుకోవడం మాటలా? 1575లో ఫతేపూర్ సిక్రీలో కట్టించిన ఇబాదత్ ఖానా అనే మందిరంలో జరిగిన మత చర్చల గురించి అందరూ చెబుతారు గానీ, నాకు మాత్రం ఈ రెండు రద్దులే పెద్దవి.

రాజపుత్రుల అండ కోసమే చేశాడంటారు కొందరు. ఆ అవసరమూ ఉంది. అయినా కాశీకి నడిచిపోయే ముసలమ్మకు రాజు మనసులో ఏముంటే ఏం? దారిలో ఆపి డబ్బడిగేవాడు లేడు.

రాజపుత్రుల కోట చిత్తోడు సంగతి మాత్రం దాచకండి. జిజియా తీసేసిన నాలుగేళ్లకే, 1568లో, ఆ కోట పడ్డాక వేలమందిని చంపించాడు, ఆ గెలుపును మతం పేరుతోనే చాటాడు. అందరితో శాంతి అనే ‘సుల్హె కుల్’ ఆలోచన ఆయనలో స్థిరపడింది ఆ తర్వాతే.

మీ ఊరి కోటనూ పాఠంలోకి తెండి. విజయనగరంలో తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా 1550లో తిరిగొచ్చి గోల్కొండ గద్దె ఎక్కేటప్పుడు అండగా నిలిచింది మీ కోయిలకొండ నాయక్‌వాడీలే, అంటే కోటను కాచే హిందూ సైనికులే. ఆయన తెలుగు కావ్యాన్ని అంకితం తీసుకున్నాడు. తానీషా కాలానికి మాదన్న ప్రధాని. ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడేవి.

అయితే రాజు ఇచ్చింది రాజే లాక్కోగలడు. 1679లో ఔరంగజేబు జిజియాను మళ్లీ తెచ్చాడు. 1687లో గోల్కొండను గెలిచాక అది మన వైపుకూ వచ్చింది. అప్పుడు పాలమూరు పల్లెల్లో మనుషులు మారలేదు, సర్కారు మారింది. 1564, 1679, 1687 బోర్డు మీద పక్కపక్కన రాసి, మ్యాపు పెట్టి చెప్పండి.